మహాదేవి పది వేళ్ళు

ఎమ్మిగనూరు,
10 సెప్టెంబరు 2024

తమ్ముడు మారుతికి అక్క లింగమ్మ రాయునది.

కవరు మీద ఆంజనేయులు అని రాసినాను, భయపడవద్దు. లోపల నాకు నువ్వు మారుతివే. పదకొండేళ్ళ కిందట కువైటోళ్ళు నిన్ను పట్టి వెనక్కి తోలితే, ఆదోని ఏజెంటు మన గడపలో కూర్చొని "మారుతన్నా ఆంజనేయులన్నా ఒగే దేవుడు కదప్పా, కొత్త పాస్‌పోర్టు చేయిస్తా" అని మళ్ళీ విమానం ఎక్కించినాడు. దేవుడికి లేని అభ్యంతరం నాకెందుకు?

ఇక్కడ మేము క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం నాలుగో తరగతిలో నేర్పించినారు. బిడ్డను పూడ్చి మూడు నెలలు కాని ఇంట్లో క్షేమం యాడ వెతకాలో మాత్రం అయ్యవారు చెప్పలేదు. ఫోను ఎందుకు ఎత్తవక్కా అంటావు. నీ గొంతు వింటే నాకు మాట రాదు. నాకు రాకపోతే నీకూ రాదు. ఇద్దరమూ ముక్కులు చీదుకుంటా కూర్చోవడానికి ఫోనెందుకు? కాగితమైతే తడిసినా ఆరుతుంది.

ఒక పని మీద రాస్తున్నాను. కువైటు నుంచి మహాదేవి శవపెట్టె వచ్చిన రోజు "తెరవగూడదమ్మా, సీలుండాది" అన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళు పెంచిన దాన్ని నేను, పెట్టె మీద అధికారం మాత్రం సీలుది. బిడ్డ మొఖం చూడలేదు. చెయ్యి పట్టుకోలేదు. పెట్టె పలకకు పూలు పెట్టి పూడ్చినాను. లోపల ఉన్నది నా బిడ్డేనని కాగితం చెప్పింది, నిద్రలో గుండె ఆగిందని ఇంకో కాగితం చెప్పింది. కాగితాలు అబద్ధమాడవు కదా, నమ్మినాను.

మొన్న మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే గుర్తొచ్చింది. పోయేదానికి నెల ముందు అది ఫోన్లో చెప్పింది. "అమ్మా, ఈడ బయటి దేశాలోళ్ళందరి వేలిముద్రలూ తీసుకుంటాండారు. మామ నన్ను బండిలో తోలకపోయినాడు. మూడుసార్లు పెట్టినా నా వేళ్ళు పడలేదు. ఆడుండే పిల్ల నా వేళ్ళు పిసికి పిసికి, ఇంతకు ముందు ఏం పని చేస్తాంటివి అనింది. ఎనిమిదో ఏట నుంచి కండెలు చుట్టినా అంటే దానికేం తెలుస్తాది?" అని నవ్వింది. నాలుగోసారికి పడినాయంట, పదికి పది.

అంటే నా బిడ్డ పది వేళ్ళూ ఆ ఆఫీసులో ఉన్నాయి. మనిషే లేనప్పుడు వాళ్ళకెందుకు? మగ్గం అమ్మేసినోడు నాడె దాచుకుంటాడా? పోయి అడుగు. కాగితం మీద అచ్చు తీసి ఇమ్మను. చచ్చిపోయినోళ్ళ వేళ్ళు ఎన్నేళ్ళు పెట్టుకుంటారో, ఏ రూలు కింద పెట్టుకుంటారో, అదీ అడుగు. నాకు వేరే ఏమీ వద్దు.

తోలకపోయినోడివి నువ్వే కాబట్టి దారి తెలియదని రాయవద్దు.

దీవిస్తూ,
అక్క లింగమ్మ

❖

కువైటు,
2 అక్టోబరు 2024

అక్కకు మారుతి నమస్కారాలు.

ఉత్తరం, నెలనెలా సామాన్లు మోసుకొని ఊరికీ ఇక్కడికీ తిరిగే ఆదోని ఉమేష్ తెచ్చిచ్చినాడు. నీళ్ళ డబ్బాల బండిలో కూర్చొని చదివినాను. చదివి ఆ పూట మూడిళ్ళలో ఒకరి డబ్బాలు ఒకరికి వేసి తిట్లు తిన్నాను.

దారి తెలుసక్కా. తలుపు తెలియదు. ఆ పొద్దు బిడ్డ లోపలికి పోయింది, నేను బండిలోనే ఉన్నాను. గంటన్నర తర్వాత వేళ్ళు ఊదుకుంటా వచ్చి "మామా, నువ్వూ పెట్టేసి రాపో, ఎట్లా వచ్చినావు కదా" అనింది. తర్వాత పెడతాలేమ్మా అన్నాను.

నువ్వు చెప్పిన పని చిన్నదే. కానీ అక్కడ ఎవరి పని మీద పోయినా ముందు మన వేళ్ళు పెట్టమంటారంట. నేను వేళ్ళు పెట్టలేను. నా వేళ్ళ సంగతి నీకు తెలిసిందే. ఇంతకంటే రాయలేను, ఉమేష్ కవరు అంటించినా చదివే రకం. వాడు ఇది చదువుతుంటే వాడికీ నా నమస్కారం.

నా కూతురు తేజస్వి నర్సింగు చదువు ఇంక ఒక్క ఏడాది. దాన్ని కర్నూలుకు పోయి ఒకసారి చూసి రా.

నీ తమ్ముడు
మారుతి

❖

ఎమ్మిగనూరు,
20 అక్టోబరు 2024

మారుతి దొరగారికి లింగమ్మ రాయునది.

వేళ్ళ సంగతి తెలిసిందే అంటావా? తెలియకేం నాయనా, మన ఇంట్లో ఎవరి వేళ్ళు మంచివి గనక! నాయనవి పడుగు తిన్నది, నావి కండె తిన్నది, నువ్వు ఇరవై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నావు, నీకేం మిగిలి ఉంటాయి? అంతదానికి పెద్ద రహస్యం మాదిరి రాసినావు.

ఇక్కడ నా అవస్థ విను. ఒకటో తేదీ రేషన్ బండి వస్తుంది. కేశవులు మిషను ముందుకు తోస్తాడు. బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చూపుడువేలు, ఎర్ర లైటు. పది వేళ్ళూ తిప్పి పెట్టినాక "అక్కా, ఈ మిషను లెక్కన నువ్వు లింగమ్మవు కావు" అంటాడు. మా పెండ్లిలో పప్పు వడ్డించినోడు ఈ కేశవులు! "అయితే నేనెవరో ఆ మిషన్నే అడుగు, పేరు చెప్తే ఆ పేరుతోనే బియ్యం తీసుకుంటా" అన్నాను. వీధంతా నవ్వింది. నేనూ నవ్వినాను. బియ్యం మాత్రం రెండో రోజు వచ్చినాయి.

దానికి మందు ఉంది. నేతపని వాళ్ళందరం చేసేదే, నువ్వు పదేళ్ళుగా లేవు కాబట్టి తెలియదు. మూడు రాత్రులు వేళ్ళకు ఆముదం మర్దన చేయాలి. ఊరికే పూయడం కాదు, పిండి మాదిరి పిసకాలి. సబ్బు, బ్లీచింగు ముట్టకూడదు. నాలుగో పొద్దున తడిగుడ్డతో తుడిచి, తడి ఆరకముందే పెట్టాలి. గీతలు నిద్ర లేస్తాయి. మహాదేవికి నేర్పింది నేనే. లేకుంటే నాలుగోసారికి కూడా పడుండవు.

గానుగ ఆముదం సీసా ఉమేష్ చేతికి ఇస్తున్నాను. మూత మీద గుడ్డ కట్టినాను, తలకు పూసుకుంటానంటే వాడికి ఒక్క చుక్క ఇవ్వవద్దు. పూసుకో, పో, నా బిడ్డ వేళ్ళు తే.

తేజస్విని చూసినాను. మహాదేవి పాత చుడీదారు వేసుకొని ఉంది. వెనక నుంచి చూసి పిలవబోయి ఆగినాను.

అక్క

❖

కువైటు,
5 నవంబరు 2024

అక్కకు నమస్కారం.

ఆముదం అందింది. రూములో ఆరుగురం, వాసనకు ఐదుగురు లేచి కూర్చున్నారు. రాత్రిళ్ళు పూసుకుంటున్నాను. నువ్వు చెప్పినావు కాబట్టి.

నీ పని మరిచినానని అనుకోవద్దు. ఉమేష్ తన వేళ్ళు పెట్టడానికి పోతుంటే మహాదేవి కువైటు కార్డు నంబరు రాసిచ్చి అడగమన్నాను. వాడు అడిగినాడు. "నువ్వు ఆమెకేమవుతావు?" అన్నారంట. ఒకే జిల్లా అని చెప్పినాడు. ఒకే జిల్లా వాళ్ళకు వేళ్ళు ఇచ్చే రూలు లేదంట. రక్తసంబంధం ఉన్నోళ్ళు రావాలన్నారంట.

డిసెంబరు ఆఖరు గడువు. ఆ లోపల పెట్టని వాళ్ళకు బ్యాంకు ఖాతా ఆపేస్తారని ఇక్కడందరికీ చెప్పేసినారు. ఎన్నేళ్ళు దాచుకుంటారని అడగమన్నావు కదా. అడిగినందుకు ఉమేష్‌ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసినారంట.

కొంచెం ఆగక్కా. ఆలోచిస్తున్నాను.

మారుతి

❖

ఎమ్మిగనూరు,
24 నవంబరు 2024

ఆంజనేయులుగారికి,

లోపల కూడా ఈ పేరే రాస్తున్నాను. మారుతి అనేవాడు నా తమ్ముడు, వాడు నాకు ఎదురుచెప్పి ఎరుగడు.

ఉమేష్ మళ్ళీ వచ్చినాడు. బజ్జీలు పెట్టి అడిగినాను. బజ్జీలకు నిజం చెప్పే మనిషి. "మారుతన్న ఆ ఆఫీసు వీధిలోకి బండి కూడా తిప్పడక్కా. ఆ పక్క డబ్బాలు వేయాలంటే నాకిచ్చి పంపిస్తాడు" అన్నాడు. ఓహో! ఆలోచించేది ఇదన్నమాట. బాగా ఆలోచించు. నా బిడ్డ ఎక్కడికీ పోదు, ఆగి ఉంటుంది.

రక్తసంబంధం కావాలన్నారు. నేను రాలేను, వాళ్ళ నాయన పైన ఉన్నాడు, ఆయన వస్తే నేనే వద్దంటాను. ఇంక ఎవరు మిగిలినారు? "నేనుండా కదక్కా, నా కూతురు మాదిరి చూసుకుంటా, పంపించు" అని దాన్ని తోలకపోయినోడు ఎవరు? మిషను ముందర వేలు పెట్టడానికి బిడ్డ నాలుగుసార్లు వంగింది. మీసాలున్న మామకు ఒకసారి వంగడానికి నామోషీ. సీసాడు ఆముదం పంపితే రాత్రిళ్ళు పూసుకొని పొద్దున్నే తుడుచుకుంటున్నావు. పెండ్లికొడుకువా?

పోతే పో, లేకుంటే నాకు అక్కా అని రాయవద్దు. ఇది ఉమేష్ చేతికే ఇస్తున్నాను. చదివితే చదవనీ.

లింగమ్మ

❖

కువైటు,
26 నవంబరు 2024

అక్కా,

ఇది ఉమేష్ లేనప్పుడు పోస్టులో వేస్తున్నాను, ఎవరూ చదవకూడదని. ఎన్ని రోజులు పడుతుందో.

నువ్వు నా వేళ్ళు అరిగిపోయినాయని అనుకుంటున్నావు. అట్లా అరిగి ఉంటే రోజూ కొబ్బరికాయ కొట్టేవాణ్ణి. పదకొండేళ్ళ కిందట నన్ను తోలేటప్పుడు పది వేళ్ళకూ సిరా పూసి అచ్చు వేయించుకున్నారు. నీకు చెప్పలేదు, దొంగ మాదిరి వేయించుకున్నానని సిగ్గు. తర్వాత ఏజెంటు పేరు మార్చినాడు, పాస్‌పోర్టు మార్చినాడు. వేళ్ళు మార్చే ఏజెంటు ఆదోనిలో లేడు. దిగిన రోజు ఎవరూ అడగలేదు, బతికిపోయినాననుకున్నాను. ఇప్పుడు అందరినీ అడుగుతున్నారు. ఆంజనేయులు వేలు పెడితే మిషను మారుతి అని చెప్తుంది. చెప్పిన రోజే నన్ను ఎక్కించేస్తారు, ఇంక జన్మలో రానివ్వరు.

పెట్టకపోతే డిసెంబరు తర్వాత ఖాతా ఆగుతుంది. అయినా ఏదో ఒక మూల దాక్కొని ఆర్నెల్లో ఏడాదో లాగొచ్చు, తేజస్వి చదువు అయ్యేదాకా. అదొక్కటే నా లెక్క.

మహాదేవిని తోలకపోయిన పొద్దు బండి దిగనిది అందుకే. బిడ్డ ఒక్కతే వరుసలో నిలబడింది. అది నాకు రోజూ కనపడుతుంది. ఆముదం నిజంగానే పూసుకుంటున్నాను. గీతలు పోవడానికి కాదు, రావడానికీ కాదు. వాసనకు నువ్వు పక్కన కూర్చున్నట్టుంటుంది.

తిట్టు, పడతాను. పొమ్మని మాత్రం అనవద్దు. నువ్వు గట్టిగా అంటే నేను పోతాను, అది నాకు తెలుసు.

మారుతి

❖

ఎమ్మిగనూరు,
16 డిసెంబరు 2024

మారుతీ,

నీ పోస్టు ఉత్తరం ఈ పొద్దు వచ్చింది. పోవద్దు. విన్నావా, పోవద్దు. ఆ ఆముదం మోరీలో పోసేయి. నాకు వేళ్ళూ వద్దు, కాగితమూ వద్దు. అంతకు ముందు ఉత్తరంలో రాసినది లింగమ్మ కాదు, మిషను చెప్పినట్టు వేరే ఎవరో.

ఫోను చేస్తున్నాను, మోగడం లేదు. ఏడ్చినా సరే ఎత్తు నాయనా.

అక్క

❖

కువైటు,
20 డిసెంబరు 2024

అక్కకు నమస్కారాలు.

ఇది నన్ను పెట్టిన చోటు నుంచి రాస్తున్నాను. పెద్ద గది, నలభైమంది ఉన్నాం, అన్ని భాషలూ ఉన్నాయి. రొట్టె, పప్పు పెడుతున్నారు. ఫోను తీసుకున్నారు. భయపడవద్దు, ఎవరూ చెయ్యి చేసుకోలేదు.

ఉమేష్ ఐదో తేదీ నీ ఉత్తరం ఇచ్చినాడు. తల వంచుకొని ఇచ్చినాడు, అంటే చదివినాడు. తొమ్మిదో తేదీ పోయినాను.

మూడు గంటలు వరుస. కిటికీ దగ్గర ఒక పిల్ల, మన తేజస్వి వయసు. మహాదేవి నంబరు ఇచ్చినాను. మా అక్క కూతురు, వేలిముద్రల అచ్చు కావాలి, వాళ్ళమ్మ అడిగింది అని వచ్చిన అరబ్బీలో చెప్పినాను. ఆ పిల్ల నంబరు కొట్టి, "ఈమె చనిపోయినట్టుంది కదా" అని తెర కొంచెం నా వైపు తిప్పింది.

అక్కా, మహాదేవి కనపడింది. వేళ్ళు పెట్టిన పొద్దు మొఖం ఫోటో కూడా తీసుకున్నారు, అది మనకు చెప్పనే లేదు. ఇంత పెద్ద తెర మీద.

అచ్చు ఇవ్వరంట. అట్లాంటి రూలే లేదంది. ఇంకేమైనా అడగాలంటే ముందు నీ వేళ్ళు పెట్టు, నీవి ఇంకా లేవు అనింది. వెనక తలుపు తెరిచే ఉంది. బయట బండికి తాళం కూడా వేయలేదు, కావాలనే వేయలేదు. కానీ పెట్టకపోతే ఆ పిల్ల తెర తిప్పేసుకుంటుంది. పెట్టినాను.

నీ ఆముదం మంచిదక్కా. బిడ్డవి నాలుగోసారికి పడినాయి, నావి ఒక్కసారికే పడినాయి. ఆ పిల్ల శభాష్ అన్నట్టు తల ఊపింది. తర్వాత తెర చూసింది. తర్వాత ఇంకొకర్ని పిలిచింది. పదకొండేళ్ళ కిందటి నా బొటనవేలు ఎంత భద్రంగా పెట్టుకున్నారనుకున్నావు! మన ఇంట్లో పదకొండేళ్ళ కిందటి వస్తువు ఒక్కటి చూపించు.

ఎన్నేళ్ళు దాచుకుంటారని అడిగినావు కదా. రూలేందో నాకు తెలియదు. నన్ను చూస్తే నీకే తెలుస్తుంది.

వచ్చే నెల మొదట్లో బొంబాయి విమానం ఎక్కిస్తామన్నారు. అక్కడ నుంచి రైలుకు ఆదోనిలో దిగుతాను. తేజస్వికి నేనే చెప్తాను, నువ్వు చెప్పవద్దు. నా సంచి ఉమేష్ తెచ్చి ఇచ్చిపోయినాడు. సీసా కూడా అందులోనే ఉంది.

అక్కా అని రాసినాను. పోయి వచ్చినాను కాబట్టి రాయొచ్చు కదా.

మారుతి

❖

ఎమ్మిగనూరు,
4 జనవరి 2025

తమ్ముడు మారుతికి,

ఈ ఉత్తరం ఏ చిరునామాకు రాయాలో తెలియలేదు. కువైటులో ఆంజనేయులు లేడు, ఎమ్మిగనూరులో మారుతి ఇంకా దిగలేదు. పోవద్దని రాసిన ఉత్తరం నీ రూములో ఖాళీ మంచం మీద ఉందని ఉమేష్ చెప్పినాడు. ఈసారి పోస్టును నమ్మను, ఉమేష్‌ను అసలే నమ్మను. ఆదోని స్టేషన్‌లో నీ చేతికే ఇస్తాను. నోటితో చెప్పవచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే మాట రాదని చెప్పినాను కదా.

తమ్ముణ్ణి గెలిచిన అక్కను నేను. ఎంత గొప్పగా గెలిచినాను! ముందు ఆముదం పంపి, తర్వాత మాటలు పంపి, దగ్గరుండి తోసినట్టు తోసినాను. పట్టించినోళ్ళకు కువైటోళ్ళు బహుమానం ఇచ్చే రూలుంటే నా పేరు రాయించు. తేజస్వి ఏడాది సంగతి ఇద్దరం చూద్దాం. పక్కింటి సావిత్రమ్మ తన మగ్గం ఖాళీగా ఉందనింది, నువ్వు కూర్చో, నేను కండెలు చుడతాను. నీ మీద కోపం లేదు. నా మీద ఉంది, అది నేను చూసుకుంటాను.

వేళ్ళు ఇవ్వలేదని బాధపడవద్దు. నీ బొటనవేలే పదకొండేళ్ళు దాచినోళ్ళు నా బిడ్డవి పారేస్తారా? ఇక్కడ గోరీ మీద మొన్న వానకు మట్టి కుంగింది, మళ్ళీ పోయించినాను. అక్కడ కుంగదు. ఉండనీ.

ఆ పెట్టె తెరవనివ్వలేదు. మొఖం చూసిందెవరని ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ సీలు చూసిందని చెప్పేదాన్ని. ఇప్పుడు నువ్వు చూసినావు. బొట్టు పెట్టుకొని ఉందా? ముక్కుపుడక ఉందా, తీసేయమన్నారా? మూడుసార్లు వేళ్ళు పడక విసుక్కుంటూ ఉందా, నాలుగోసారి పడినాక తీసినారా? నవ్వుతూ ఉందా? ఇవన్నీ స్టేషన్‌లో చెప్పవద్దు, రైలు కూతకు వినపడదు. ఇంటికి రా. అన్నం తిను. తర్వాత కూర్చొని మొదటినుంచి చెప్పు. తెర ఎంత పెద్దదో అక్కడ నుంచి మొదలుపెట్టు.

సంచిలో ఆముదం ఉందన్నావు. సీసా పగలకుండా తే. మన రేషన్ కార్డులో నీ పేరు తీసేసినారు, మళ్ళీ ఎక్కించాలంటే నీ వేళ్ళు కావాలంటున్నాడు కేశవులు. ఈ నెల నా వేళ్ళు కూడా పడలేదు. కువైటు మిషను ఒక్కసారికే తీసుకుంది కదా, ఇక్కడి మిషనుకు అంతటి నూనె పనికొస్తుందేమో ఇద్దరం పూసుకొని చూద్దాం.

అక్క
లింగమ్మ